కొవ్వొత్తి మింగిన బొట్టు

1984 వేసవిలో, నల్గొండ గడియారం చౌరస్తాకు దగ్గర్లో మా అబ్బాజాన్ నడిపే ఫోటో స్టూడియోలో నేను టచింగ్ బల్ల ముందు కూర్చున్నాను. ఉత్తర్వులూ ఇంటర్వ్యూలూ ఏమీ లేవు. అంతకుముందు ఆ పని చేసిన పెద్దాయన చూపు మందగించి మానుకున్నారు. అబ్బాజాన్ ఒక నెగెటివ్ తెచ్చి నా ముందు పెట్టి, "బేటీ, ఈమె చెంప మీద మొటిమ తియ్యి. మనిషిని మాత్రం తియ్యకు" అన్నారు. నా కొలువుకు అదే నియామకం. పని మానుకునే దాకా అంతకన్నా మంచి ఉత్తర్వు నాకెవరూ ఇవ్వలేదు.

నేను బడికి పోలేదు. ఖురాన్ చదవడం, ఉర్దూ రాయడం మా అమ్మ నేర్పింది. తెలుగు అక్షరాలు అబ్బాజాన్ దగ్గర, ఫోటోల వెనక పెన్సిలుతో రాసే ఖాతాదారుల పేర్లలో నేర్చుకున్నాను. అందుకే నాకు 'అ' అంటే అమ్మ కాదు, అంజయ్య. నేర్పిన ఇద్దరూ ఇప్పుడు లేరు. ఐదు పూటలా వాళ్ల కోసం దువా చేస్తాను.

ఆ రోజుల్లో స్టూడియోలో కూడా హోదాలుండేవి. కెమెరా దగ్గర నిలబడేవాడు ఉస్తాద్. చీకటి గదిలో ఫోటోలు అచ్చువేసేవాడు ఆయన తర్వాత. టచింగ్ చేసే మనిషి అందరికన్నా కింద, తెర వెనక. ఫోటో బాగుంటే కెమెరా గొప్పది. బాగాలేకపోతే టచింగ్ చెడింది. మా స్టూడియోలో మొదటి రెండు హోదాలూ అబ్బాజానే, మూడోది నేను.

టచింగ్ బల్ల అంటే ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం. మధ్యలో గరుకు గాజు, కింద వెలుతురును పైకి తిప్పే అద్దం. గాజు మీద నెగెటివ్ పెడితే మనిషి తలకిందుల రంగుల్లో కనబడతాడు. నల్ల జుట్టు తెల్లగా, తెల్ల పళ్లు నల్లగా. ముడత ఉన్నచోట సన్నటి తెల్లగీత ఉంటుంది. దాన్ని సూది మొనలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా నింపితే అచ్చులో ముడత పోతుంది. నలుపు కావాలంటే బ్లేడు మొనతో గీకాలి. ఊపిరి తడి తగిలితే నెగెటివ్ పాడవుతుంది కాబట్టి దుపట్టాను ముక్కు మీదికి కట్టుకుని పనిచేసేదాన్ని. పర్దాకు పర్దా, పనికి పని.

మా స్టూడియోకు పెళ్లిళ్ల కన్నా గోడ ఫోటోలే ఎక్కువ వచ్చేవి. మనిషి పోయాక ఇంటివాళ్లు ఏ పెళ్లిలోనో తీసిన గుంపు ఫోటో పట్టుకొచ్చి, పెసరగింజంత ముఖం చూపించి, "గీమెను పెద్దగ చెయ్యాలె" అనేవారు. దాన్ని కెమెరాతో కాపీ తీసి, పెంచి, మసకగా వచ్చిన ముఖానికి పెన్సిలుతో, కుంచెతో రూపం తేవాలి. అన్నిటికన్నా కష్టం కళ్లు. గుంపు ఫోటోలో ఎవరో ఒకరు రెప్ప వేస్తారు. ఏమి విచిత్రమో, రెప్ప వేసినవాళ్లే ముందు పోతారు. ఆ రెప్పల మీద కళ్లు గీయడాన్ని మేము 'కళ్లు తెరవడం' అనేవాళ్లం.

కళ్లు ఎలా ఉండేవని ఇంటివాళ్లను అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "పెద్ద కండ్లు." నల్గొండ జిల్లాలో చిన్న కళ్లవాళ్లు ఎవరూ చనిపోలేదు. చేసేదేమీ లేక బల్ల పక్కన ఒక చిన్న అద్దం పెట్టుకున్నాను. అందులో చూసుకుంటూ నా కళ్లే గీయడం మొదలుపెట్టాను. ఇది పాపమవుతుందా అని అబ్బాజాన్‌ను అడిగాను. ఆయన లెన్సు తుడుస్తూనే జవాబు చెప్పారు. మేము ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఆయన అన్నది తెలుగులో రాస్తున్నాను. "ఆ కళ్లు నీవి కావు, అల్లావి. వాడుకోమని నీకిచ్చాడు. నువ్వు ఇంకొకరికి అరువిస్తున్నావు. అరువిచ్చిన సంగతి మాత్రం ఊరంతా చెప్పకు."

ఆ విధంగా, బజారులో పర్దా చాటున నడిచే నా కళ్లు ఎన్నో ఇళ్ల గోడల మీద బంతిపూల దండల మధ్య నుంచి చూస్తుండేవి. ముందు దీపం, అగరొత్తులు. నమాజు ముగించి తస్బీ తిప్పుతున్నప్పుడు ఆ సంగతి గుర్తొస్తే నవ్వు ఆగక పూసల లెక్క తప్పేది. పైవాడు క్షమించే గుణం ఉన్నవాడు కాబట్టి సరిపోయింది.

ఆ గోడల్లో ఒకటి కిష్టయ్యది. మోత్కూర్ వైపు నేతపనివారి కుటుంబం. మగ్గం వదిలి నల్గొండలో చీరల దుకాణం పెట్టుకున్నాడు. భార్య సత్తెమ్మ జ్వరంతో పోయింది. ఆయన తెచ్చిన గుంపు ఫోటోలో ఆమె కళ్లు మూసుకుని ఉంది. నేను తెరిచాను. ఫోటో చూసి ఆ మనిషి మా గల్లా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "గట్లనే సూసేది సాబ్, అచ్చం గట్లనే" అన్నాడు. తెర వెనక నేను దుపట్టా ఇంకాస్త పైకి లాక్కున్నాను.

నాలుగేళ్లు గడిచాయి. 1988లో ఒక శుక్రవారం పూట, స్టూడియో ఆడవాళ్లకు మాత్రమే తెరిచి ఉంచే సమయంలో, పాతికేళ్ల మనిషి ఒకామె లోపలికి వచ్చింది. నొసట రూపాయి బిళ్లంత కుంకుమ. మెడలో పుస్తెల పక్కన ఇంకో చిన్న బంగారు బిళ్ల. అది చనిపోయిన మొదటి భార్య పేరున రెండో భార్య వేసుకునేది. కిష్టయ్య రెండో పెళ్లి చేసుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఆమె పేరు పద్మ.

"రజియక్క అంటే నువ్వేనా? మా అక్క ఫోటో చేసింది నువ్వేనట గద" అంది. అక్క అంటే సత్తెమ్మ. ఆ వరసను అలాగే పిలవాలి.

అవునన్నాను.

"జర దయ లేకుండ చేసినవక్కా."

నాకు అర్థం కాలేదు. ఆమె ముక్కాలి పీట లాక్కుని కూర్చుని మొదలుపెట్టింది. "పొద్దుమూకంగనే ఆమెకు దీపం పెట్టేది నేనే. బొట్టు పెట్టేది నేనే. పండుగకు చీర పెట్టేది నేనే. నాకేం బాధ లేదు, పెద్దామె. గని మా ఇంటాయన ఉన్నడు సూడు, బువ్వ తినుకుంట ఆ ఫోటో దిక్కు సూస్తడు. 'కండ్లంటే గవి' అంటడు. కూరల ఉప్పెక్కువైనా 'కండ్లంటే గవి' అంటడు. ఉప్పుకు కండ్లకు ఏం సంబంధమక్కా?"

నేను దుపట్టా కింద నవ్వు దాచుకున్నాను.

ఆమె అసలు అవస్థ వేరే ఉంది. కిష్టయ్య కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశం దగ్గరికి వచ్చింది. ముందటి గదిలో సత్తెమ్మ ఫోటో ఎక్కడ పెట్టాలో మేస్త్రీకి చెప్పి, గోడకు మొల కొట్టించాడు. తన ఫోటో కూడా పక్కన పెట్టమని పద్మ అడిగింది. "దాని పక్కకు నిలిచే ఫోటో ఉంటే తీస్కరా, అప్పుడు ఇంకో మొల కొడత" అన్నాడట. పద్మకు ఉన్నదల్లా పెళ్లినాటి ఫోటో ఒకటే. ఫ్లాష్ వెలుగుకు బెదిరి, అందులో లేగదూడలా ఉంది.

"రేపు చుట్టాలు వస్తరు. గోడ మీద ఆమె ఉంటది, పొయ్యికాడ నేనుంట. గా ఇంటి ఆడిది ఎవరని అడిగితే ఎవర్ని సూపిస్తరక్కా?" అంది. నవ్వుతూనే అంది కానీ చూపుడువేలితో మెడలోని బిళ్లను తిప్పుతూనే ఉంది. తర్వాత అసలు మాట చెప్పింది. "నేనొకటి కనిపెట్టిన. పొద్దంత సూస్తే ఆమె ఫోటో మామూలుగనే ఉంటది. దీపం పెట్టంగనే పానం వస్తది. కిటుకంత దీపంలనే ఉన్నది. నాకు గూడ దీపం పెట్టి తియ్యిరి."

అది తెలివైన మాట. ఆ కళ్లు ఎవరివో అక్కడే చెప్పేస్తే కథ ముగిసేది. కానీ బల్ల మీద జరిగింది బల్ల దాటకూడదన్నది మా వృత్తి కట్టుబాటు. అబ్బాజాన్‌కు చెబితే ఆయన మొదట వద్దన్నారు. బతికున్న ముత్తైదువకు దీపం పెట్టి ఫోటో తీస్తే ఊరు ఏమంటుందన్నారు. "దీపం వద్దు, కొవ్వొత్తి పెడదాం. కరెంటు పోయినప్పుడు అందరిళ్లలో వెలిగేదే కదా" అన్నాను. ఆ మాటకు మెత్తబడ్డారు. నిజానికి ఆయనకూ సరదాగానే ఉంది. ఎన్నో ఏళ్లుగా పాస్‌పోర్టు ముఖాలే తీసి విసిగిపోయి ఉన్నారు.

మరుసటి శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత తలుపులు వేసి, నల్ల తెరలు దించి ప్రయోగం మొదలుపెట్టాం. మొదటి కొవ్వొత్తి పద్మ గడ్డం కింద పెట్టాం, గోడ ఫోటో ముందు దీపం ఉన్నట్టే. వెలుగు కింది నుంచి పడి ముక్కు నీడ నొసటికి ఎక్కింది, కళ్లు గుంటలు పడ్డాయి. పద్మకు అద్దం చూపించాను. "అమ్మో, గిట్ల పోతే మా ఇంటాయన ఇంకో మొల గాదు, గుమ్మానికి నిమ్మకాయలు కొడతడు" అని పీట మీదే పడిపడి నవ్వింది.

అప్పుడు నేర్చుకున్నాం. ఒత్తి కంటి మట్టం కన్నా కొంచెం పైన, ఒక పక్కకు ఉండాలి. అవతలి చెంప పూర్తిగా చీకట్లో మునగకుండా, ఫోటోలో పడనంత దూరంలో తెల్ల లట్టా గుడ్డ పట్టుకోవాలి. దాని మీద పడి తిరిగివచ్చే వెలుగు చాలు. ఒక్క కొవ్వొత్తి వెలుగు ఫిల్ముకు ఆనదు కాబట్టి, ఫోటోలో కనబడేది ఒకటైతే, పక్కన నిలబెట్టిన కుండ చాటున గుత్తిగా ఇంకొన్ని వెలిగించాం. హైదరాబాద్ నుంచి బస్సులో తెప్పించిన, తక్కువ వెలుగును కూడా పట్టే 'వేగం ఎక్కువ' ఫిల్ము వాడినా, కెమెరా కన్ను తాపీగా 'ఒకటీ' అనుకునేంతసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు మనిషి కదలకూడదు. ఊపిరి బిగబట్టాలి. మంట కదలకూడదు కాబట్టి ఫ్యాను వద్దు. నల్గొండ ఎండలో, మూసిన గదిలో, కొవ్వొత్తుల గుత్తి పక్కన.

అబ్బాజాన్ "కదలకు బేటీ" అన్నప్పుడల్లా పద్మకు నవ్వొచ్చేది. ఒకసారి తుమ్మి కొవ్వొత్తి ఆర్పేసింది. ఒకసారి అంతా కుదిరిందనుకుంటే, మైనం కారి నా వేలి మీద పడి నేనే అరిచాను. చివరికి ఆమె అలిసిపోయి, నవ్వడం మానేసి, మంట వైపు ఊరికే చూస్తూ ఉండిపోయింది. అబ్బాజాన్ ఏమీ అనకుండా మీట నొక్కారు.

ఆ నెగెటివ్ బల్ల మీద పెట్టుకున్నప్పుడు నేను బిస్మిల్లా చెప్పి పెన్సిలు తీశాను, మళ్లీ కింద పెట్టేశాను. చేయడానికి పని లేదు. పగటి వెలుగులో కనిపించే మొటిమల మచ్చలను కొవ్వొత్తి ముందే తుడిచేసింది. రెండు కళ్లలో రెండు నిప్పురవ్వలు. వాటిని నేను ముట్టుకోలేదు. మిగిలిన పని చీకటి గదిలో. పెంచి అచ్చువేసేటప్పుడు ముఖం మీది వెలుగును అట్టముక్కతో అడ్డుకుంటూ, అంచులకు ఎక్కువ వెలుగు తాగిస్తే చుట్టూ చీకటి చిక్కబడుతుంది. ఈ రోజుల్లో కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే అయ్యే పని, మేము చేతులాడిస్తూ చేసేవాళ్లం. తర్వాత కాగితాన్ని గోధుమ రంగు వచ్చే మందులో ముంచాం. ఆ మందు కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. అందం అంత తేలిగ్గా రాదు.

పద్మ వచ్చి ఫోటో చూసింది. కళ్ల కోసం వచ్చిన మనిషి కళ్లే చూసింది. "ఇది నేనేనా అక్కా?" అంది. అవునంటే నన్ను గట్టిగా పట్టుకుంది. కాగితంలో చుట్టుకుని గాలిలా వెళ్లిపోయింది. నేను షుక్రానా నమాజు చదువుకున్నాను. మంచి పని చేయించినందుకు.

షుక్రానా కొంచెం తొందరైంది. మరునాటి పొద్దున తాళం తీసేసరికి కిష్టయ్య గుమ్మంలో ఉన్నాడు. వెనక పద్మ. ఆమె వెనక కిష్టయ్య తల్లి నర్సవ్వ, తెల్లచీరలో చేతికర్ర పట్టుకుని. కిష్టయ్య ఫోటోను గల్లా బల్ల మీద పరిచాడు.

"సాబ్, నన్ను జర మంచిగ సూడుండ్రి. నేను బతికే ఉన్న గద?"

అబ్బాజాన్ కంగారుపడి కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమైంది కిష్టయ్యా?"

"మరి నా పెండ్లానికి బొట్టేది?"

నేను తెర తొలగించుకుని వచ్చి చూశాను. పద్మ నొసలు నున్నగా, ఖాళీగా ఉంది. రూపాయి బిళ్లంత కుంకుమ ఉన్నచోట, వెతికితే తప్ప కనపడని బూడిద నీడ. ఆ ఫోటో నా బల్ల మీద రోజుల తరబడి ఉంది. బొట్టు పెట్టుకునే అలవాటున్న ఇల్లు కాదు మాది. నెగెటివ్‌లో అది ఉందా లేదా అని నేనూ చూడలేదు, అబ్బాజానూ చూడలేదు.

"గృహప్రవేశం నాడు గిది గోడకు పెడితే చుట్టాలు నాకు పిండాలు పెడతరు" అన్నాడు కిష్టయ్య. "బతికున్న మొగని ముంగట బొట్టు తుడుస్తరా సాబ్?"

"నేను తుడువలె. కొవ్వొత్తి తుడిచింది" అన్నారు అబ్బాజాన్.

"కొవ్వొత్తికి చేతులున్నయా?"

ఇక మాటలతో పని జరగదని అబ్బాజాన్ అందరినీ చీకటి గదిలోకి రమ్మన్నారు. ఒక మనిషి పట్టే గది అది. ఐదుగురం ఒకరి మీద ఒకరం నిలబడ్డాం. తలుపు వేసి ఎర్ర బల్బు వెలిగించారు. "ఇప్పుడు నీ భార్య బొట్టు చూడు" అన్నారు.

పద్మ నొసట బొట్టు కనబడలేదు. కుంకుమ ఉంది, పొద్దున పెట్టుకున్నదే. అయినా ఆ ఎర్ర వెలుగులో చర్మమూ కుంకుమా ఒకే రంగై కలిసిపోయాయి. కొవ్వొత్తి వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ. మేము వాడిన ఫిల్ము ఎరుపును బాగా చూస్తుంది. అందుకే ఎర్రనిదంతా తెల్లబడింది. ఫ్లాష్ వెలుగులో, పగటి వెలుగులో ఆ బాధ లేదు.

కిష్టయ్య వేలితో భార్య నొసలు తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని కుంకుమ వాసన చూశాడు. నర్సవ్వ కోడలి ముఖం దగ్గరికి వంగి చూసి గట్టిగా నవ్వింది. "ఓ వారీ! దీని నొసలు నా నొసలు లెక్కనే అయింది గద. గీ అర్రల ముత్తైదు లేదు, ముండమోసింది లేదు. అందరం ఒక్కటే. సాబూ, గిసొంటి బుగ్గ మా ఇంట్ల గూడ ఒకటి పెట్టు" అంది, కర్రతో ఎర్ర బల్బును చూపిస్తూ.

బయటికి వచ్చాక కిష్టయ్య కోపం దిగింది. బొట్టును కుంచెతో పెట్టవచ్చని అబ్బాజాన్ చెప్పారు. సరేనన్నాడు. తర్వాత ఫోటో మళ్లీ చేతికి తీసుకుని, నా వైపు తిరిగి ఇలా అన్నాడు. "బొట్టుతోని పాటు ఇంకొక పని చెయ్యి చెల్లె. కండ్లు గూడ సత్తెమ్మ కండ్లు పెట్టు. నీకు చేతనైతది గద. అప్పుడు రెండు ఫోటోలు జోడుగుంటయి."

పద్మ నవ్వు ఆగిపోయింది. ఆ ఫోటోలో నేను ముట్టుకోకుండా వదిలినవి ఆ రెండు కళ్లే.

"గట్లైతే నాది ఒద్దు" అంది పద్మ. "ఉన్న మొల ఒక్కటే ఉండనియ్యి. నా మెడల ఆమె ఉన్నది, సరే. నా మొఖంల గూడ ఆమెనే ఉంటే ఇగ నేనెక్కడుండాలె?"

"అరె, మంచిగుంటదని అన్న" అని కిష్టయ్య నాకు వివరించడానికి పూనుకున్నాడు. "ఆమె కండ్లు ఎట్లుంటయంటే చెల్లె, పెద్దగ... గీ కొసకు జర సాగినట్టు... నల్లగ..." నా ముఖంలో దుపట్టా పైన కనిపించేవి కళ్లే. వాటినే చూస్తూ, వాటినే నాకు వర్ణిస్తున్నాడు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి.

నర్సవ్వ కర్రతో కొడుకు కాలి మీద ఒకటి తగిలించింది. "కిష్టిగా! పరాయి ఆడిపిల్ల కండ్లల్ల కండ్లు పెట్టి సూస్తవేందిరా, సిగ్గులేక?"

అతను తల దించుకుని అబ్బాజాన్ వైపు తిరిగిపోయాడు. నర్సవ్వ మాత్రం నన్ను చూడటం మానలేదు. దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. "బిడ్డా, నీ ఎడమ కనుబొమ్మ మీద గా కోత ఏంది?"

"చిన్నప్పుడు రోటి మీద పడ్డానవ్వా."

"మా సత్తెమ్మ ఏ రోటి మీద పడలే. ఫోటోల మాత్రం కోత ఉన్నది. గాకపోతే కుడి దిక్కున్నది."

అద్దంలో చూసి గీస్తే కుడి ఎడమలు మారతాయి. కోతతో సహా గీశానని నాకు ఆ క్షణం దాకా తెలియదు. చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. ముసలామె కళ్లలో మాత్రం దొంగ దొరికిన సంతోషం. నా భుజం మీద తట్టి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, ఇను. సత్తెమ్మయి చిన్న కండ్లు. మగ్గానికి నూలు కండెలు సుట్టేటప్పుడు ఇంకింత చిన్నగ చేసి సూసేది. నా పక్కన కూసొని ఎన్నేండ్లు సుట్టిందో నీకు తెలుసా? నువ్వు పోగు దిక్కు సూసినవు గని దాని మొఖం దిక్కు ఎన్నడు సూసినవ్? ఫోటోల ఉన్నయి పెన్సిల్ కండ్లు. మంచిగ గీసింది పిల్ల. నీ ఏడుపు ఆగింది, నేను మాట్లాడలె. ఇగ బతికున్నదానికి గూడ పెన్సిల్ కండ్లేనా?"

కిష్టయ్య నన్ను అడిగాడు, ఈసారి నేల చూస్తూ. "నిజమా చెల్లె?"

బల్ల మీది సంగతి చెప్పకూడదు. అబద్ధమూ చెప్పకూడదు. నేను అబ్బాజాన్ వైపు చూశాను. ఆయన నెమ్మదిగా తల ఊపారు. "నిజమే అన్నా" అన్నాను. పెన్సిలు సంగతి ఒప్పుకున్నాను. అద్దం సంగతి ఆయన అడగలేదు.

కిష్టయ్య చేతిలోని పద్మ ఫోటో వైపు చూపు తిప్పాడు. "మరి గీ కండ్లకు?"

"పెన్సిలు తగల్లేదు."

"ఒక్క చుక్క గూడ?"

"ఒక్క చుక్క కూడా."

అతను ఫోటోను ఎత్తి, పద్మ ముఖం పక్కన పట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూశాడు. పద్మ అటు తిరిగిపోయింది. "ఇటు తిరుగు, సూడనియ్యి" అన్నాడు. "ఇన్నొద్దులు సూడలేదా?" అంది ఆమె. అతను అబ్బాజాన్ వైపు తిరిగాడు. "బొట్టు ఒక్కటి పెట్టుండ్రి సాబ్. చాలు" అన్నాడు.

నేను సన్న కుంచె, నల్ల సిరా తెచ్చాను. సిరాను నీళ్లతో పలుచన చేసి, కాగితం మీద అద్ది చూసి, కుంచె మొనను తిప్పి సన్నం చేస్తుండగా పద్మ అడ్డుపడింది. "రజియక్క ఎందుకు? పెండ్లినాడు పెట్టినోడు ఉన్నడు గద. పెట్టుమను."

కిష్టయ్య చీరల మడతలు పెట్టే చేత్తో కుంచె పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టమని నేను చెప్పాను. బిగబట్టాడు. అయినా బొట్టు రెండు కనుబొమ్మల మధ్య కాకుండా, పిసరంత ఎడమకు పడింది. "పెండ్లినాడు గూడ గిట్లనే వంకరగ పెట్టిండు" అంది నర్సవ్వ. నేను గీకి సరిచేస్తానని బ్లేడు తీస్తే, పద్మ రెండు చేతులూ ఫోటో మీద అడ్డం పెట్టింది.

గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. ముందటి గదిలో రెండు మొలలూ ఉన్నాయి. సత్తెమ్మ ముందు దీపం ఉంది. పద్మ ముందు లేదు, బొట్టు ఉంది. వచ్చిన చుట్టాల్లో ఒకామె ఆ ఫోటో చూసి, ఏ సినిమా స్టూడియోలో తీయించారని అడుగుతుంటే విన్నాను. ఆ రోజు నాకు పెట్టిన పాయసం రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

గృహప్రవేశం ముగిసిన కొన్నాళ్లకు నర్సవ్వ ఒక్కతే రిక్షాలో స్టూడియోకు వచ్చింది. ఒళ్లో సత్తెమ్మ ఫోటో. "నీయి నువ్వు తీస్కో బిడ్డా. దానియి దానికియ్యి" అంది. తెర వెనక నా పక్కనే కూర్చుంది. ఆమె చెబుతుంటే నేను గీశాను. చిన్న కళ్లు, ఎడమ రెప్ప కొంచెం వాలి, ఎదుటివాణ్ని నమ్మనట్టు చూసే చూపు. "ఇంకింత చిన్నగ. ఆ, ఇంకింత. ఆఁ... ఇగో, వచ్చింది" అంటూ ఆమె నా మోకాలు గట్టిగా పట్టుకుంది. అద్దం నేను ముందే తీసి దాచాను.

ఆ ఫోటో తీసుకుపోవడానికి కిష్టయ్యే వచ్చాడు. కాగితం విప్పి చూసి మొదట ఉలిక్కిపడ్డాడు, తర్వాత నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను చూసింది అదే మొదలు. "గిదీ సత్తెమ్మంటే. దుకాణం ఇంత ఆలస్యంగ తెరుస్తవా అని ఇప్పుడు తిట్టెటట్టున్నది" అన్నాడు.

తర్వాతి పదేళ్లలో కొవ్వొత్తి ఫోటోల కోసం నార్కట్‌పల్లి, చిట్యాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. కూర్చోబెట్టే ముందు ఎర్రబొట్టు మీద కాటుక అద్దించడం మా స్టూడియోలో నియమంగా పెట్టుకున్నాం. తొంభైల చివర్లో కంప్యూటర్ కొన్నాం. అందులో బొట్టు పెట్టడమూ కళ్లు తెరవడమూ పెన్సిలు కన్నా వేగంగా జరిగేవి. పద్ధతి మాత్రం మారలేదు. వెలుగు ఏ రంగుదో ముందు చూడాలి, ఆ రంగు వస్తువును ఆ వెలుగు దాచేస్తుంది. పోయిన మనిషి కళ్లు ఎలా ఉండేవో, ఏడుస్తున్నవాళ్లను అడిగితే తెలియదు. ఆ మనిషి పక్కన కూర్చుని పని చేసినవాళ్లను అడగాలి.